టీచరమ్మ, చర్చి మనిషి, ఊరికి ఉపకారి: సెప్టీమా క్లార్క్

ఒక స్త్రీ చనిపోయాక ఆమె జీవితాన్ని రెండు మూడు మాటల్లో మూటగట్టి పక్కన పెట్టడం అన్ని సమాజాలకీ అలవాటే. మంచి టీచరు. భక్తిపరురాలు. పదిమందికీ సాయపడే మనిషి. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు. కాని ఇవి విన్నాక మనకి ఇంకేమీ అడగాలనిపించదు. ఆవిడ ఎవరితో తగువు పడింది, ఎవరికి కోపం తెప్పించింది, ఉద్యోగం ఎందుకు పోగొట్టుకుంది, ఆ సాయం వల్ల ఎవరి అధికారం కదిలింది అనే ప్రశ్నలన్నీ ఆ మూటలోనే ఉండిపోతాయి. అదే పని మగవాడు చేస్తే నాయకుడు, వ్యూహకర్త, నిర్మాత అనే మాటలు దొరుకుతాయి.

అమెరికా పౌరహక్కుల ఉద్యమం అనగానే మనకి మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తాడు. స్త్రీలలో రోజా పార్క్స్ గుర్తొస్తుంది, అదీ బస్సులో సీటు వదలనన్న ఒక్క సాయంత్రం వరకే. ఆ సాయంత్రానికి నాలుగు నెలల ముందు రోజా పార్క్స్ ఒక శిక్షణ శిబిరంలో పాల్గొంది. ఆ శిబిరం నడిపినావిడ పేరు సెప్టీమా పాయిన్సెట్ క్లార్క్. నలభై ఏళ్ళు బడిపంతులమ్మగా పనిచేసింది. మెథడిస్టు చర్చిలో సభ్యురాలు. టీకాల దగ్గర్నుంచి నర్సరీల దాకా చార్ల్‌స్టన్ పట్నంలో ఆవిడ లేని స్వచ్ఛంద సేవా సంఘం తక్కువ. పై మూడు మాటలూ అచ్చంగా అతికినట్టు సరిపోతాయి కాబట్టే ఆవిడ గురించి రాయాలనిపించింది.

సెప్టీమా 1898 మే 3న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టింది. ఎనిమిదిమంది పిల్లల్లో రెండోది. తండ్రి పీటర్ పాయిన్సెట్ బానిసగా పుట్టినవాడు. ఆ ఇంటిపేరు యజమానులది. క్రిస్మస్ రోజుల్లో మన నర్సరీల్లో కూడా కనిపించే, ఎర్రటి ఆకుల పాయిన్సెటియా మొక్కకి ఆ పేరు వచ్చింది ఆ కుటుంబానికి చెందిన జోయెల్ పాయిన్సెట్ వల్లే. మెక్సికోకి అమెరికా రాయబారిగా వెళ్ళి అక్కణ్ణుంచి ఆ మొక్క తెచ్చాడట. బానిసల యజమాని పేరు ఒక పక్క పూలకుండీలోకి, ఇంకోపక్క ఒక నల్లపిల్ల ఇంటిపేరులోకి చేరింది. పీటర్ చిన్నప్పుడు యజమాని పిల్లల పుస్తకాలు మోసుకుంటూ వాళ్ళని బడికి దిగబెట్టి, బడి వదిలేదాకా బయట కూచునేవాడు. లోపలికి వెళ్ళే హక్కు పుస్తకాలకే గాని వాటిని మోసినవాడికి లేదు.

తల్లి విక్టోరియా సంగతి వేరు. హైతీలో పెరిగింది, చదవడం రాయడం వచ్చు. తాను ఎవరికీ బానిసగా లేనన్న గర్వం ఆవిడది. తెల్లవాళ్ళ ఇళ్ళలో పనికి వెళ్ళనని, వాళ్ళ బట్టలు తన ఇంటికి తెప్పించుకుని ఉతికేది. బయటివాళ్ళకి ఇందులో తేడా కనిపించదు. కాని ఒకరి వంటింట్లో నిలబడ్డానికీ, తన పెరట్లో తన వేళకి ఆ పని చేసుకోవడానికీ ఎంత తేడా ఉందో ఆడవాళ్ళకి తెలుస్తుంది. తండ్రి నుంచి ఓర్పు, తల్లి నుంచి జంకు లేకపోవడం వచ్చాయని సెప్టీమా తర్వాతి రోజుల్లో చెప్పుకుంది.

క్రైస్తవ మిషనరీ సంఘం పెట్టిన ఎవరీ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి 1916లో బయటికొచ్చింది. పద్ధెనిమిదేళ్ళు. టీచరు పరీక్ష పాసయింది. కాని చార్ల్‌స్టన్ పట్నం ప్రభుత్వ బడుల్లో నల్లవాళ్ళకి టీచరు ఉద్యోగం ఇవ్వరు. నల్లపిల్లల బడుల్లోనూ తెల్ల టీచర్లే. అందుకని పడవెక్కి వాగులూ పాయలూ దాటుకుంటూ జాన్స్ ఐలండ్ అనే దీవికి వెళ్ళింది. అక్కడి బడిలో ఇద్దరే టీచర్లు, 132 మంది పిల్లలు. చెక్కల సందుల్లోంచి గాలి కొట్టే గది, ఒక మూల నిప్పుగూడు. దాని ముందు కూచున్న పిల్లలు మాడిపోతుంటే వెనకవాళ్ళు వణికిపోయేవాళ్ళు. ప్రిన్సిపాలు హోదాలో సెప్టీమా జీతం నెలకి 35 డాలర్లు, రెండో టీచరుకి 25. అదే దీవిలో ముగ్గురంటే ముగ్గురు తెల్లపిల్లలకి చదువు చెప్పే తెల్ల టీచరు జీతం వీళ్ళిద్దరి జీతం కలిపినా దాటిపోయేది.

పత్తి తీతలయ్యేదాకా పిల్లలు బడికి రారు. తల్లులు చంటిపిల్లల్ని పెట్టెల్లో పడుకోబెట్టి గట్టు మీద వదిలి పొలంలోకి దిగేవాళ్ళు. ఈగలూ దోమలూ ముసిరేవి. ఎంతోమంది పసివాళ్ళు జ్వరాలతో పోయేవాళ్ళు. పత్తి చేలో చావుని చూశాక బడి గోడలకి పరిమితమై ఉండటం ఆవిడకి సాధ్యం కాలేదు. సాయంత్రాలు పెద్దవాళ్ళు రావడం మొదలుపెట్టారు. తమ సంఘాల్లో నిలబడి రెండు ముక్కలు మాట్లాడాలని, చర్చిలో బైబిలు తామే చదువుకోవాలని వాళ్ళ కోరిక. పుస్తకాలు లేవు, బల్లలు లేవు. లాండ్రీ బట్టలకి చుట్టే కాగితపు సంచుల మీద రాసి గోడకి తగిలించేది. పాఠానికి వాళ్ళు రోజూ అనుకునే మాటలే, వాళ్ళ చెట్లూ చేపలూ పనులే. ఆ దీవివాళ్ళకి గల్లా అనే సొంత భాష ఉంది. దాన్ని చూసి పట్నంవాళ్ళు నవ్వేవాళ్ళు. ఈ పంతులమ్మ నవ్వకుండా అక్కణ్ణుంచే మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ తర్వాత దక్షిణాది అంతా పాకిన ఒక కార్యక్రమానికి బీజం ఈ కాగితపు సంచుల్లో ఉంది.

1919లో చార్ల్‌స్టన్‌కి తిరిగొచ్చి ఎవరీలోనే టీచరుగా చేరింది. నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో అప్పుడే సభ్యురాలయింది. పట్నం బడుల్లో నల్ల టీచర్లని పెట్టుకోవాలని అర్జీ పెడితే, తమ పిల్లలకి తమవాళ్ళు చదువు చెప్పాలని కోరేది ఏ కొద్దిమందో చదువుకున్న నల్లవాళ్ళేనని, పనివాళ్ళకి ఆ పట్టింపు లేదని తెల్ల అధికారులు కొట్టిపారేశారు. సెప్టీమా తన తరగతి పిల్లల్ని కూడా వెంటేసుకుని ఇంటింటికీ తిరిగింది. వంటపనివాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, కూలీలు పదివేలకి పైగా సంతకాలు చేశారు. 1920లో నల్ల టీచర్లకి ఆ బడుల తలుపులు తెరుచుకున్నాయి. సంతకం రాని వాళ్ళ గుర్తులు కూడా పోగుచేసిన ఆ గుమ్మాల చుట్టూ తిరుగుడే ఆవిడ రాజకీయాలకి మొదటి బడి.

పెళ్ళి సంగతి త్వరగానే చెప్పుకోవచ్చు, ఆవిడ కూడా అలాగే చెప్పింది. 1920లో నావికుడైన నీరీ క్లార్క్‌ని చేసుకుంది. మొదటి బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. 1925లో కొడుకు పుట్టాడు, ఆ ఏడాది చివరే భర్త మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. టీచరు జీతంతో బిడ్డని పెంచడం కుదరక నార్త్ కరోలినాలో అత్తమామల దగ్గర వదలాల్సొచ్చింది. ఊళ్ళో అందరి పిల్లలకీ చదువు చెప్పిన మనిషి సొంత బిడ్డని సెలవుల్లో చూసుకోవలసి రావడం ఆవిడ జీవితచరిత్రల్లో సాధారణంగా ఒక్క వాక్యంలో దాటిపోతుంది. త్యాగం అని దానికి పేరుపెట్టడం సులువు. నాకు మాత్రం అది జీతాల పట్టికకి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. ఒకే పనికి తెల్ల టీచరుకిచ్చే జీతం ఆవిడకీ ఇచ్చి ఉంటే ఆ పిల్లవాడు ఎవరింట్లో పెరిగేవాడు?

కొలంబియా పట్నంలో దాదాపు రెండు దశాబ్దాలు పనిచేస్తూ, వేసవి సెలవుల్లో చదువుకుంటూ 1942లో డిగ్రీ, 1946లో ఎం.ఏ. పూర్తి చేసింది. అట్లాంటాలో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ దగ్గర కూడా పాఠాలు వింది. నల్ల, తెల్ల టీచర్లకి సమాన జీతాల కోసం నడిచిన కోర్టు కేసుకి వివరాలు సేకరించి ఇచ్చింది. 1945లో తీర్పు వాళ్ళ పక్షానే వచ్చింది.

1947లో తల్లికి పక్షవాతం రావడంతో ఉద్యోగం మార్చుకుని చార్ల్‌స్టన్‌కి వచ్చేసింది. ఇక్కణ్ణుంచే ఆవిడ 'సేవ' అసలు రంగు బయటపడుతుంది. తాను వెళ్ళే ఓల్డ్ బెథెల్ చర్చి భవనానికే ఒక కథ ఉంది. అది ఒకప్పుడు తెల్లవాళ్ళ చర్చి. వాళ్ళు పెద్దది కట్టుకున్నాక, పాతదాన్ని నల్ల సభ్యులకిచ్చి, భవనాన్ని అలాగే లాక్కెళ్ళి వీధికి అటువైపు పెట్టారు. దేవుడు ఒక్కడే, వీధి మాత్రం అడ్డం. అలాంటి చోట సండే స్కూలు, దీవిలో డిఫ్తీరియా టీకాల ప్రచారం, ఆడవాళ్ళ క్లబ్బులు, వైడబ్ల్యూసీఏ ఇవన్నీ చేస్తున్నంతసేపూ అందరూ మెచ్చుకున్నారు. 1950లో నల్లవాళ్ళ వైడబ్ల్యూసీఏ శాఖలో మాట్లాడటానికి ఎలిజబెత్ వేరింగ్‌ని పిలవడంతో కథ మారింది. ఆవిడ తెల్లావిడ. నల్లవాళ్ళకి ఓటుహక్కు నిరాకరించడం చెల్లదని తీర్పు చెప్పిన జడ్జి భార్య. ఆవిడ దక్షిణాది తెల్లవాళ్ళని మొహమాటం లేకుండా దులిపేసింది. పిలవొద్దని ఎంతమంది చెప్పినా వినని సెప్టీమాకి బూతు ఫోన్లు వచ్చాయి. జడ్జి గారింటికి భోజనానికి వెళ్తోందని నల్ల ఇరుగుపొరుగు కూడా దూరం జరిగారు. చారిటీ ఉన్నంతకాలం మంచిది, ప్రశ్న రాగానే ప్రమాదకరమైన మనిషి.

1954లో సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదంది. దానికి ప్రతీకారంగా 1956లో సౌత్ కరోలినా శాసనసభ ప్రభుత్వోద్యోగులెవరూ ఎన్‌ఏఏసీపీలో ఉండకూడదని చట్టం చేసింది. టీచర్లకి ఫారాలు పంచి, సభ్యత్వాలు రాయమన్నారు. చాలామంది దాచేశారు. సెప్టీమా ఉన్నదున్నట్టు రాసింది. నలభై ఏళ్ళ సర్వీసు, రావలసిన పెన్షను, రెండూ పోయాయి. అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు.

రాష్ట్రంలో 700 మందికి పైగా నల్ల టీచర్లకి ఉత్తరాలు రాసింది, అందరం కలిసి ఎదిరిద్దామని. జవాబిచ్చింది 26 మంది. సూపరింటెండెంట్‌ని కలవడానికి వస్తామన్నది 11 మంది. వచ్చింది అయిదుగురు. ఆవిడ సొంత మహిళా సంఘం ఆవిడ కోసం విందు చేసి డబ్బు పోగు చేసింది గాని, పక్కన నిలబడి ఫోటో దిగడానికి ఒక్కరు కూడా సాహసించలేదు. ఫోటో పేపర్లో వస్తే రేపు తమ ఉద్యోగమూ పోతుంది. సెప్టీమా దీన్ని తన జీవితంలో పెద్ద ఓటమిగా చెప్పుకుంది. వాళ్ళని పిరికివాళ్ళని తిట్టి ఊరుకోలేదు. వాళ్ళు లోపలి నుంచి సిద్ధం కాకముందే తాను తోసెయ్యబోయానని ఆలోచించింది. ఆ తర్వాత ఆవిడ చేసినదంతా ఈ ఆలోచన మీదే నిలబడింది.

ఉద్యోగం పోయిన మనిషిని టెన్నెసీ కొండల్లోని హైలాండర్ ఫోక్ స్కూలు పిలిచి పనిచ్చింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బల్ల దగ్గర తిని ఒకే గదిలో పడుకునే అరుదైన చోటు అది. మైల్స్ హార్టన్ దాని నిర్వాహకుడు. రోజా పార్క్స్ వచ్చిన శిబిరం 1955 వేసవిలో ఇక్కడే జరిగింది. అదే రోజుల్లో జాన్స్ ఐలండ్ నుంచి సెప్టీమా పాత విద్యార్థి ఈసా జెంకిన్స్ కూడా వచ్చాడు. బస్సు నడుపుతూ దీవివాళ్ళని పట్నంలో పనులకి దించేవాడు. ఆ బస్సులో ఒకావిడ అతన్ని అడిగిందట, నాకు చదవడం నేర్పితే ఓటు నమోదు చేయించుకుంటానని. సౌత్ కరోలినాలో ఓటరుగా చేరాలంటే రాజ్యాంగంలో అధికారి చూపించిన భాగం చదవాలి, లేదా 300 డాలర్ల ఆస్తి ఉండాలి. ఆస్తి ఎక్కణ్ణుంచొస్తుంది? చదువు ఒక్కటే దారి.

1957 జనవరిలో మొదటి పౌరసత్వ పాఠశాల మొదలైంది. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక గదుల్లో బడి. తెల్లవాళ్ళ కళ్ళు కప్పడానికి ఆ ఏర్పాటు. పద్నాలుగుమంది పెద్దవాళ్ళు చేరారు. టీచరుగా సెప్టీమా ఎంచుకున్నది తన బంధువు బెర్నిస్ రాబిన్సన్‌ని. బెర్నిస్ బ్యూటీషియన్, బట్టలు కుడుతుంది, టీచరు శిక్షణ లేదు. తనకి రాదని మొత్తుకుంది. రాదు కాబట్టే ఎంచుకున్నారు. ట్రెయినింగు ఉన్న టీచరు పొలంపని చేసే మనిషిని పై నుంచి చూస్తుందని సెప్టీమా భయం. ఇంకో లెక్క కూడా ఉంది. బ్యూటీపార్లర్‌కి వచ్చేవాళ్ళంతా నల్ల స్త్రీలు. ఆ మనిషి కడుపు తెల్ల యజమాని చేతిలో లేదు, ఎవరూ ఆమెని ఉద్యోగం నుంచి తీసెయ్యలేరు. 700 ఉత్తరాలు నేర్పిన పాఠం ఇది.

బెర్నిస్ మొదటిరోజు చిన్నపిల్లల వాచకాలు పట్టుకెళ్ళింది. పెద్దవాళ్ళ ముందు అవి ఎంత వెలితిగా ఉన్నాయో వెంటనే అర్థమై పక్కన పెట్టేసి, మీకేం నేర్చుకోవాలని ఉంది అని అడిగింది. పేరు రాయాలి. మనియార్డరు ఫారం నింపాలి. కేటలాగు చూసి సామాను తెప్పించుకోవాలి. బైబిలు చదవాలి. ఓటరు దరఖాస్తు నింపాలి. అదే సిలబస్. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన గోడకి అంటించి, క్లాసులయ్యేలోపు ఇది చదివిద్దామంది. నాగలి పట్టిన చేతుల్లో పెన్సిళ్ళు విరిగిపోయేవి. విరిగితే ఇంకోటి ఇచ్చేవాళ్ళు. అరవై దాటిన ఒకావిడ బోర్డు మీద తన పేరుని తానే గుర్తుపట్టిన రోజుని బెర్నిస్ మరిచిపోలేదు.

చదువుల్లోంచి తిరుగుబాటు ఎలా పుడుతుందో మనకీ తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లో కూచున్న ఆడవాళ్ళే 1992లో సారా పాకల మీద తిరగబడ్డారు. జాన్స్ ఐలండ్‌లోనూ పాఠం ఓటు దగ్గర ఆగలేదు.

1959 జులై 31 రాత్రి పోలీసులు హైలాండర్ మీద దాడి చేసి, సారాయి దొరికిందన్న నేరం మీద సెప్టీమాని జైల్లో పెట్టారు. మద్యం ముట్టని మెథడిస్టు పంతులమ్మ మీద పెట్టడానికి ఇంతకంటే హాస్యాస్పదమైన కేసు ఉండదు. అది నిలబడలేదు గాని, 1961లో హైలాండర్‌ని మూయించేశారు. అప్పటికే కార్యక్రమం కింగ్ నాయకత్వంలోని సదరన్ క్రిస్టియన్ లీడర్‌షిప్ కాన్ఫరెన్స్ చేతికి వచ్చింది. జార్జియాలో డార్చెస్టర్ అనే పాత మిషనరీ బడిలో శిబిరాలు. డొరొతీ కాటన్, ఆండ్రూ యంగ్‌లతో కలిసి సెప్టీమా ఊళ్ళూళ్ళూ తిరిగి మనుషుల్ని పోగుచేసేది. కూలివాళ్ళు, కుట్టుపనివాళ్ళు, ముసలమ్మలు బస్సుల్లో వచ్చి అయిదు రోజులుండి, వెళ్ళి తమ ఊళ్ళో బడి పెట్టేవాళ్ళు. వంటింట్లో, చెట్టుకింద, బ్యూటీపార్లర్‌లో, చర్చిలో. కొన్ని ఊళ్ళలో పాస్టర్లు చర్చి తలుపు తియ్యడానికి జంకితే, ఆ చర్చి ఆడవాళ్ళే ఇంకో చోటు చూసేవాళ్ళు. మిసిసిపీ నుంచి వచ్చిన ఫానీ లూ హేమర్ కూడా ఈ శిబిరాల మనిషే. 1957 నుంచి 1970 వరకు 897 పాఠశాలలు నడిచాయని లెక్క.

ఇంత నడిపిన మనిషికి సంస్థలో దక్కిన చోటు ఎంత? కార్యవర్గంలో దాదాపు అందరూ బాప్టిస్టు పాస్టర్లు. ఈవిడ ఇక్కడెందుకు అని రాల్ఫ్ అబర్నాతీ మాటిమాటికీ అడిగేవాడట. పౌరసత్వ పాఠశాలల కార్యక్రమం ఆవిడదేనని కింగ్ చెబితే మళ్ళీ సమావేశంలో అదే ప్రశ్న. ఒకసారి సెప్టీమా కింగ్‌కి ఉత్తరం రాసింది. ప్రతి ఊరేగింపుకీ మీరే ముందుండొద్దు, ఆయా ఊళ్ళలో నాయకుల్ని తయారుచేసి వాళ్ళనే నడవనివ్వండి అని. కింగ్ ఆ ఉత్తరం స్టాఫు ముందు చదివాడు. అందరూ నవ్వారు. కింగ్ మీద ఆవిడకి గౌరవం తగ్గలేదు. స్త్రీల మాటకి విలువివ్వకపోవడం పౌరహక్కుల ఉద్యమపు పెద్ద బలహీనతల్లో ఒకటని మాత్రం ముసలితనంలో నిర్మొహమాటంగా చెప్పింది. ఆ రోజుల్లో తను గట్టిగా ఎదురు మాట్లాడలేదని, మగవాళ్ళు ముందు నడవడం సహజమనే అనుకున్నానని, స్త్రీల ఉద్యమం వచ్చాకే అది వేరేగా కనిపించిందని కూడా చెప్పింది.

ఆ మాటలన్నీ 'రెడీ ఫ్రమ్ వితిన్' అన్న మౌఖిక కథనంలో ఉన్నాయి. అది 1986లో అచ్చయింది. అదే ఏడాది మన దగ్గర స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు కూడా వంట చేశాం, కబుర్లు చేరవేశాం, దాచిపెట్టాం అని మొదలుపెట్టి చెబుతారు. అక్కడా ఇక్కడా ఆడవాళ్ళు తమ పనిని 'సాయం' అనే అన్నారు. దాన్ని ఉద్యమం అనడానికి వాళ్ళని కూచోబెట్టి అడిగేవాళ్ళు కావలసొచ్చింది. ఇందులో మన తప్పు కూడా లేకపోలేదు. చర్చి, సేవ, టీచరు ఉద్యోగం అనగానే అవి స్త్రీని మెత్తబరిచే చోట్లుగా మనం కూడా చూసి పక్కకి తప్పుకుంటాం. సెప్టీమా తిరుగుబాటుకి మనుషుల్ని, గదుల్ని, నమ్మకాన్ని ఇచ్చినవి ఆ చోట్లే. వాటిలో పితృస్వామ్యం లేదని కాదు. ఫోటోకి నిలబడనిదీ వాటిలోని ఆడవాళ్ళే, నవ్వినదీ వాటిలోని మగవాళ్ళే. ఆవిడ వాటిని వదిలి వెళ్ళకుండా, వాటికి లొంగకుండా డెబ్భై ఏళ్ళు ఎలా గడిపిందన్నదే నాకు ఆశ్చర్యం.

1970లో పని నుంచి విరమించుకుంది. ఖాళీగా ఉండలేదు. 1970ల మధ్యలో, డెబ్భై ఏడేళ్ళ వయసులో, చార్ల్‌స్టన్ కౌంటీ స్కూలు బోర్డుకి పోటీచేసి గెలిచింది. 1976లో గవర్నరు ఆవిడ తొలగింపు అన్యాయమని ఒప్పుకుని పెన్షను పునరుద్ధరించాడు. పోయిన ఏళ్ళ బకాయి కోసం 1981 దాకా ఆగాల్సొచ్చింది. 1987 డిసెంబర్ 15న జాన్స్ ఐలండ్‌లో చనిపోయింది. పద్ధెనిమిదేళ్ళప్పుడు పడవ దిగింది ఆ దీవిలోనే. ఓల్డ్ బెథెల్ చర్చి శ్మశానంలో సమాధి చేశారు.